తేడా వస్తే ఎవర్ని అడగాలి?

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా నెల్లూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న డిగ్రీ పిల్లలకు, తలుపు దగ్గర నిలబడి "ఈయన ఎంతసేపు మాట్లాడతాడో" అని గడియారం చూస్తున్నవాళ్లకు కూడా నమస్కారం.

1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది డిసెంబర్ 24న. అందుకే ఏటా ఈ రోజున సభ పెట్టి, తూకం చూసుకోండి, ఎమ్మార్పీ చూసుకోండి, బిల్లు అడగండి అని చెప్పి, టీ ఇచ్చి పంపిస్తాం. అవన్నీ చెప్పాల్సిన మాటలే. నేను మాత్రం కూలీల దగ్గర మొదలుపెడతాను. వినియోగదారుల సభలో కూలీల గొడవేంటని అనుకోవద్దు. తిరిగి తిరిగి రెండూ ఒక చోటికే వస్తాయి.

నాట్ల కాలంలో ఇందుకూరుపేట వైపో, విడవలూరు వైపో వెళ్లి ఏ టీ బంకు దగ్గర నిలబడినా ఒకటే మాట వినపడుతుంది. "ఇప్పుడు పని చేసేదానికి ఎవురికబ్బా మనసుండేది? బియ్యం ఊరికే ఇస్తన్నారు, పింఛను ఇంటికే వస్తంది. ఇంక పనికెందుకు వస్తారు?" ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కౌలుకు తీసుకున్న పొలంలో నారు ముదిరిపోతుంటే, మనుషులు దొరక్క టెన్షన్ పడేవాళ్లే. వాళ్ల బాధ నిజం. వాళ్లు చెప్పే కారణం నిజమా అన్నదే అనుమానం.

ఈ అనుమానం తీర్చుకోవడానికి కొందరు లెక్కలు తీశారు. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఆయన సహచరులు ఆరు దేశాల్లోని ఏడు నగదు బదిలీ పథకాలను పట్టుకుని, డబ్బు అందినవాళ్లు పని తగ్గించారా అని చూశారు. 2017లో అచ్చయిన ఆ పరిశోధనలో, తగ్గించారనడానికి చెప్పుకోదగ్గ ఆధారమేదీ దొరకలేదు. ఆ ఆరు దేశాల్లో మనది లేదు. అందుకని ఆ ఒక్కదాన్ని పట్టుకుని టీ బంకు దగ్గర వాదనకు దిగమని మీకు చెప్పను. నాకు అంతకంటే గట్టిగా తగిలింది ఒడిశాలో జరిగిన ఇంకో పరిశోధన.

అక్కడ కూలీలు విస్తరాకులు కుడతారు. ఎన్ని కుడితే అంత కూలి. సుప్రీత్ కౌర్, సెంధిల్ ముల్లైనాథన్, ఇంకో ఇద్దరు పరిశోధకులు చేసిందల్లా ఒక్కటే. కొందరికి అప్పటిదాకా చేసిన పనికి రావాల్సిన డబ్బు ముందే చేతిలో పెట్టారు. మిగతావాళ్లకు అదే డబ్బు ఆఖర్న ఇచ్చారు. రేటు అందరికీ ఒకటే, మొత్తం కూలి కూడా ఒకటే. ముందు అందినవాళ్లు వెంటనే చేబదుళ్లు తీర్చారు, ఇంట్లోకి కావాల్సినవి తెచ్చుకున్నారు. మర్నాటి నుంచి వాళ్లు కుట్టే విస్తళ్లు సగటున ఏడు శాతం పెరిగాయి. అందరికంటే లేనివాళ్లలో ఆ పెరుగుదల ఇంకా ఎక్కువ. పనిలో తప్పులు కూడా తగ్గాయి. మేస్త్రీ గదమాయించింది లేదు, బోనస్ ఆశ చూపింది లేదు.

ఆ మనిషి పని చేతగాక కాదు కదా అప్పటిదాకా తక్కువ కుట్టింది! వడ్డీ కట్టమని వాకిట్లో కూర్చున్నవాడు, పిల్లాడి ఫీజు, అయిపోయిన గ్యాస్ బండ, ఇవన్నీ బుర్రలో తిరుగుతుంటే చెయ్యి ఒక చోట, మనసు ఒక చోట ఉంటుంది. దానికి మనం సోమరితనమని పేరు పెట్టేస్తాం.

యజమానులకు ఇది తెలియని సంగతేం కాదు. 1913లో అమెరికాలో ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో మనుషులు నిలవక, పద్నాలుగు వేల మంది చేసే పనికి ఏడాదిలో యాభై వేల మందికి పైగా చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజు కూలి రెండు డాలర్ల చిల్లర నుంచి అయిదు డాలర్లకు పెంచారు, పనిగంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించారు. జనం నిలబడ్డారు. యజమాని ఫోర్డు తన కార్లు తన కూలీలే కొనాలని కూలి పెంచాడని అందరూ గొప్పగా చెబుతారు, నేనంతగా నమ్మను. మనుషులు పారిపోకుండా ఉండాలని పెంచాడు. పెంచినవాడు ఊరుకోలేదు కూడా. కూలీ తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉంచుతున్నాడా అని వాళ్ల ఇళ్లకు మనుషుల్ని పంపి విచారించాడు. పేదవాడికి రూపాయి ఎక్కువ ఇస్తే వాడి వంటింట్లోకి తొంగి చూసే హక్కు వచ్చేసిందనుకోవడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

సరే, టెక్నాలజీ సంగతికి వస్తాను. మిషన్లు పేదల్ని ముంచాయని ఒకరు, మిషన్లు రాబట్టే దొంగతనం ఆగిందని ఒకరు. ఇద్దరికీ మన జిల్లాలోనే జవాబుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 తర్వాత ఎనిమిది జిల్లాల్లో ఉపాధి హామీ కూలి, పింఛను వేలిముద్ర కార్డు మీద ఊళ్లోనే ఇచ్చే పద్ధతిని పరీక్షించారు. ఆ ఎనిమిదిలో నెల్లూరు ఒకటి. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని లెక్కగట్టారు. కూలి తొందరగా చేరింది, డబ్బు కోసం నిలబడే సమయం తగ్గింది, దారిలో మాయమయ్యేది తగ్గింది. పాత పద్ధతి కన్నా ఇదే నయమని నూటికి తొంభై మందికి పైగా చెప్పారు. టెక్నాలజీ అంటే చాలు తిట్టడం అలవాటైన నాలాంటివాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మరి అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు చూస్తే, లింకు కాని కార్డులున్నవాళ్లు నష్టపోయారు. తేడా ఎక్కడుంది? మన దగ్గర ఆ కార్డుల కాలంలో ముద్ర పడకపోయినా, కార్డు ఇంకా రాకపోయినా, వేరే దారిలో డబ్బు ఇచ్చే వీలు ఉంచారు. అక్కడ ఆ వీలు మూసేశారు.

ఇది మీకు కళ్లకు కట్టాలంటే, మన రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్ల చేతులు చూడండి. పొద్దుటి నుంచి ఐసు నీళ్లలో నానిన రొయ్య. రొయ్య తల మీది ముల్లు గోరు పక్కన గుచ్చుకుంటూనే ఉంటుంది. కిలోకు ఇంత అని కూలి, కాబట్టి చెయ్యి ఆగకూడదు. సాయంత్రానికి వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి, చర్మం పొరలుగా లేస్తుంది. ఆ వేలు తీసుకెళ్లి రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ మీద పెడితే ఏం చదువుతుంది? "తుడిచి పెట్టమ్మా." కొంగుతో తుడిచి పెడుతుంది. "ఇంకో వేలు పెట్టమ్మా." అదీ పడదు. "రేపు రామ్మా." రేపు వస్తే పని పోతుంది. మిషన్ ముందు నిలబడి ఆమె ఎవర్ని అడగాలి? ఎదురుగా ఉన్నవాడు "నా చేతిలో ఏం లేదక్కా" అంటాడు. నిజంగానే వాడి చేతిలో ఏం లేదు.

ఉపాధి పనిలోనూ అంతే. 2023 జనవరి నుంచి ఫోన్లో పొద్దున ఒక ఫోటో, మధ్యాహ్నం ఒక ఫోటో ఎక్కితేనే హాజరన్నారు. దొంగ మస్టర్లు ఆపాలనుకోవడం న్యాయమే. సిగ్నల్ లేని చెరువు కట్ట మీద ఫోటో ఎక్కకపోతే, తవ్విన మట్టి కళ్ల ముందున్నా మస్టరు పడదు. మట్టి తవ్వినామెకు ఫోన్‌తో వాదించడం ఎలా వస్తుంది?

ఇప్పుడు ఈ సభలో ఉన్న మనందరి సంగతి. మాగుంట లేఅవుట్‌లో మూడో అంతస్తులో ఒకాయన అన్నం తెప్పించుకున్నాడనుకోండి. సాంబారు కారిపోయి పప్పులో, పెరుగులో కలిసిపోయింది. యాప్‌లో ఫిర్యాదు చేస్తే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని తెలుగు రాని మిషన్ తెలుగులో జవాబిచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ అదే. ఫోన్ నంబరు ఎక్కడా లేదు. ఆయనకు దొరికిన మనిషి ఒక్కడే, ఇంకా మెట్లు దిగుతున్న కుర్రాడు. వాడి మీద అరిచాడు, ఒక్క స్టారు ఇచ్చాడు. మూత సరిగ్గా పెట్టింది వాడు కాదు. ఆ స్టారుతో వాడికి ఆర్డర్లు తగ్గితే, ఐడీ ఆగిపోతే, వాడు రాసినా వచ్చేది అదే రకం జవాబు. డబ్బు కట్టినవాడికీ చెమటోడ్చినవాడికీ మధ్య గొడవ పెట్టి, అసలు జవాబు చెప్పాల్సినవాడు ఎక్కడో ఏసీలో ఉన్నాడు. నేను మొదట్లో రెండూ ఒక చోటికి వస్తాయన్నది ఈ చోటికే.

చట్టం లేక కాదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ ఫిర్యాదుల అధికారి పేరు, నంబరు కనపడేలా పెట్టాలి. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ పేరు యాప్‌లో ఏ మూల ఉంటుందో వెతకండి, డిగ్రీ పిల్లలకు ఇదే హోంవర్కు. ఆ కుర్రాడికి మాత్రం ఇంతమాత్రం కూడా లేదు. ఇలాంటి పనివాళ్లున్నారని మన దేశంలో ఒక చట్టం మొదటిసారి గుర్తించింది 2020 సామాజిక భద్రత కోడ్‌లోనే.

వినియోగదారుడంటే షాపులో సంచీ పట్టుకున్నవాడే అనుకుంటాం. కోర్టులు అంతకంటే పెద్ద మనసుతో చూశాయి. పనికిరాని విత్తనాలతో నష్టపోయిన మన రాష్ట్ర రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద వినియోగదారుల ఫోరానికి (ఇప్పుడు కమిషన్ అంటున్నారు) వెళ్తే, "పంట అమ్ముకుని లాభం చేసుకునేవాడు వినియోగదారుడెలా అవుతాడు" అని ఆ సంస్థ వాదించింది. 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. పుట్టికి 850 కిలోలు తూచి ఇచ్చే మన రైతు, విత్తనం కొన్నప్పుడు వినియోగదారుడే. సొంతంగా బతుకుతెరువు కోసం కుట్టు మిషన్ కొన్నామె, ఆటో కొన్నాయన కూడా ఈ చట్టం కిందికి వస్తారు. పీఎఫ్ కట్టే కార్మికుడు ఆ సేవకు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులరగదీసినవాళ్లలో ఈ ముక్క ఎంతమందికి తెలుసు?

ఇందులో ఒక పెద్ద చిల్లు ఉంది. డబ్బు కట్టకుండా పొందిన సేవ ఈ చట్టం కిందికి రాదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రిలో తప్పు జరిగితే ఫోరానికి వెళ్లే దారి లేదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోటైతే ఉచితంగా చేయించుకున్నవాడు కూడా వెళ్లొచ్చని 1995లో తీర్పు వచ్చింది. అంటే ఎంత లేనివాడైతే అడిగే దారి అంత సన్నం. రేషన్ ముద్ర పడని రొయ్యల షెడ్డు ఆమెకు ఈ ఫోరం తలుపు మూసే ఉంది. ఇది మారాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఉచితంగా ఇస్తున్నామనే మాట జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి సాకు కాకూడదు.

ఆ తలుపు లేని చోట ఏం చేశారో మన జిల్లాకే తెలుసు. కూలి డబ్బంతా సారా ప్యాకెట్లకు పోతుంటే, 1992లో దూబగుంటలో అక్షరదీపం అనే పెద్దల చదువుల్లో చేరిన ఆడవాళ్లు సారా దుకాణం ముందు నిలబడి మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. "కూలి ఎక్కువిస్తే తాగేస్తారు, వీళ్లింతే" అనే మాట అప్పుడూ ఉండేది. ఆ ఇంటి ఆడదాన్ని అడిగినవాళ్లెవరూ లేరు.

ఇక మీరు రాసుకోవాల్సినవి చెప్తాను. 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. కంపెనీ బెంగళూరులో ఉన్నా మీరుండే జిల్లాలోనే, లేదా పని చేసే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 2019 చట్టంలో వచ్చిన మంచి మార్పు ఇది. కట్టిన డబ్బు 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్, 5 లక్షల దాకా ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్లు దాటనివ్వొద్దు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, అంత తొందరగా తేలుతుందని నేనైతే చెప్పను, వాయిదాలుంటాయి. బిల్లు లేదని వెనక్కి తగ్గొద్దు, ఫోన్లో డబ్బు కొట్టిన మెసేజీ, చాట్ స్క్రీన్‌షాట్లు కూడా దాచుకోండి. ఈపాటికే కాగితాలు తెచ్చుకున్నవాళ్లు కుడిపక్క బల్ల దగ్గరికి రండి, అర్జీ రాసిపెట్టేవాళ్లు అక్కడున్నారు. రేషన్ ముద్ర పడనివాళ్లు కూడా రండి. అది ఫోరానికి వెళ్లదు, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల్లో పెడదాం, నలుగురైదుగురు కలిసి వెళ్తే మేలు.