గోలీ పడట్లేదని చెప్పండి
(కొత్తగూడెంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక డాక్టరు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వచ్చేటప్పుడు మీరు వేసుకునే మందులన్నీ సంచిలో వేసుకొని రమ్మని కబురు పంపాను. చాలామంది తెచ్చారు, సంతోషం. వాటితో పని చివర్లో ఉంది. అప్పటిదాకా ఒళ్లోనే ఉంచుకోండి.

ఒక మాట అడుగుతాను, చేతులెత్తక్కర్లేదు. డాక్టరు రాసిన బీపీ గోలీనో గుండె గోలీనో ఎవరికీ చెప్పకుండా మానేసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు? పక్కన కూర్చున్న మనిషికి కూడా తెలియనివ్వని సంగతి ఇది. డాక్టరునై ఉండి, మా ఇంట్లో సంగతే నాకు తెలియలేదు.

మా అమ్మకు 62 ఏళ్లప్పుడు బీపీ బయటపడింది. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, తగ్గకపోతే 10 చేశాను. రాసింది నేనే. రెండు నెలలు తిరగకుండానే సాయంత్రమయ్యేసరికి ఆమె పాదాలు ఉబ్బడం మొదలైంది. తెల్లారేసరికి తగ్గేది, వంటింట్లో నిలబడి నిలబడి పొద్దుగూకేసరికి మళ్లీ వచ్చేది. మెట్టెలు వేళ్లకు కరుచుకుపోయాయి. సబ్బు నురగ రాసినా కదల్లేదు. నాన్న ఉండగా మెట్టెలు కోయించుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. గోలీ మానేయడమే తేలికనిపించింది. స్ట్రిప్పులో మాత్రం రోజుకొకటి తగ్గుతూనే ఉండేది, నేను చూసేదాన్ని కూడా. ఆమె వాటిని పెరట్లో కనకాంబరం కుండీ మట్టిలో గుచ్చేది.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున టీ తాగుతుంటే, పెదవి మూల నుంచి టీ కారి చీర మీద పడింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి బీపీ 210/120. చిన్న పక్షవాతమే. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. కుడిచేత్తో ముగ్గు గీత మాత్రం ఇప్పటికీ తిన్నగా రాదు. ‘నాకెందుకు చెప్పలేదమ్మా’ అంటే, ‘డాక్టరువి గదా, కోప్పడతావనుకున్నానే’ అంది.

అప్పటిదాకా నేను ఓపీలో ‘గోలీలు వేసుకుంటున్నావా లేదా?’ అని గద్దించేదాన్ని. ‘గోలీ ఒంటికి పడుతోందా?’ అని అడిగింది లేదు. ఈ రోజు మీ ముందుకు వచ్చింది ఆ రెండో ప్రశ్న అడగడానికే.

మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రికి పోతే బీపీకి చాలామందికి మొదట ఇచ్చేది ఈ ఆమ్లోడిపినే. చవకైన మందు, మంచి మందు. కాబట్టి ఈ వాపు సంగతి ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. ఈ మందు రక్తాన్ని తెచ్చే సన్నటి నాళాలను వదులు చేస్తుంది. రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలను అంతగా వదులు చేయదు. వచ్చే దారి వెడల్పయింది, పోయే దారి అలాగే ఉంది. ఆ ఒత్తిడికి నీరు నాళాల్లోంచి బయటికి ఊరి, కిందికి జారి, చీలమండల దగ్గర చేరుతుంది. ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ. ఇది కిడ్నీ పాడై వచ్చిన వాపు కాదు. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కూడా కాదు, అందుకే మూత్రం ఎక్కువగా పోయించే గోలీ వేసుకున్నా పెద్దగా దిగదు. డోసు తగ్గిస్తే దిగుతుంది. టెల్మిసార్టాన్ లాంటి ఇంకో బీపీ మందు తోడు చేస్తే, అది సిరలను కూడా వదులు చేస్తుంది కాబట్టి ఇంకా దిగుతుంది. మా అమ్మకు ఇప్పుడు ఆమ్లోడిపిన్ 5, టెల్మిసార్టాన్ 40. మెట్టెలు వేలి చుట్టూ తిరుగుతున్నాయి. పక్షవాతానికి నాలుగు నెలల ముందు ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయే పని అది.

అయితే ఒక్క కాలే ఉబ్బి నొప్పి పెడుతున్నా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తున్నా, ముఖం ఉబ్బుతున్నా ఆమ్లోడిపిన్ లెక్కలో వేసి ఊరుకోకండి. ఆ రోజే చూపించుకోవాలి.

ఇక దగ్గు. బ్రెజిల్‌లో జరారాకా అని ఒక విషసర్పం ఉంది. అది కాటేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. 1960లలో సెర్జియో ఫెరీరా అనే శాస్త్రవేత్త ఆ విషంలో, మన ఒంట్లో రక్తనాళాలను వదులు చేసే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరిగిపోనివ్వని గుణం ఉందని కనిపెట్టారు. అక్కడి నుంచి సాగిన పరిశోధనలోంచే క్యాప్టోప్రిల్ అనే మందు వచ్చి, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తమ్ముళ్లే. గుండె బలహీనపడ్డవాళ్లకు ప్రాణం నిలిపే మందులివి. కానీ ఆ బ్రాడీకైనిన్ ఊపిరితిత్తుల్లో పేరుకుని గొంతులో గరగర పుట్టిస్తుంది. వేసుకునే పదిమందిలో సుమారు ఒకరికి పొడి దగ్గు వస్తుంది. ఆడవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ.

ఈ ఊళ్లో దగ్గు అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది బొగ్గు దుమ్మే. 30 ఏళ్లు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరైన ఒకాయన వచ్చారు. రాత్రంతా దగ్గు, తెమడ లేదు. ఎక్స్‌రే తీయించాం, తెమడ పరీక్షకు రెండుసార్లు పంపాం, సిరప్‌లు మార్చి మార్చి రాశాం. రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. నాలుగో నెలలో ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి, ‘ఈ గోలీ మొదలుపెట్టినాకనే గదా మేడమ్ ఈ దగ్గు?’ అన్నారు. చీటీ చూస్తే ఎనలాప్రిల్. దాన్ని ఆపి లోసార్టాన్ ఇచ్చాం. మూడు వారాలకు ఆ ఇంట్లో ఇద్దరూ నిద్రపోయారు. ఏ గోలీ మొదలయ్యాక ఏ బాధ మొదలైందో ఇంట్లోవాళ్లకు తెలిసినంతగా మాకు తెలియదు. దయచేసి అమ్మలూ, అక్కలూ, గది బయట నిలబడకండి, లోపలికి రండి. ఇంకో మాట, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మందులతో చాలా అరుదుగా పెదవులు, నాలుక ఉబ్బుతాయి. అప్పుడు 108కి ఫోన్ చేయాలి, ఆ గోలీ జన్మలో మళ్లీ ముట్టకూడదు.

కళ్లు తిరగడం గురించి. మన మే నెల ఎండలు మీకు చెప్పక్కర్లేదు. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్, ఫ్యూరోసెమైడ్ ఒంట్లోంచి నీటినీ ఉప్పునూ బయటికి పంపే మందులు. పైన ఎండ, లోపల ఈ గోలీ, దానికి తోడు వాంతులో విరేచనాలో పట్టుకుంటే బీపీ అడుగంటుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. అలాంటి రోజున గోలీ వేసుకోవాలా ఆపాలా అని డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. పెద్ద వయసువాళ్లలో ఆ ఉప్పులో ఉండే సోడియం రక్తంలో పడిపోతే ముందు కనిపించేది తికమక. వేళ కాని వేళ స్నానానికి బయల్దేరడం, మనవడి పేరు మరచిపోవడం. ‘ముసలితనం, చాదస్తం’ అని తోసేస్తాం. ఒక్క రక్తపరీక్షతో తేలే విషయం అది. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చొని, కాళ్లు ఆడించి లేవండి. ప్రోస్టేట్‌కో బీపీకో ప్రాజోసిన్ మొదలుపెట్టినవాళ్లయితే, మొదటి డోసు రాత్రి పడుకునే ముందే.

గోలీ వేసుకున్నాక పొద్దునంతా మత్తుగా ఉందంటే, వేళ మార్చొచ్చా అని అడగండి. బ్రిటన్‌లో 21,000 మందికి పైగా బీపీ రోగుల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెకు దొరికే రక్షణలో తేడా లేదని తేలింది. మూత్రం గోలీ మాత్రం పొద్దునే, నిద్ర చెడకుండా. అలాగే మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బీపీని పెంచుతాయి, బీపీ మందులతో కలిసి కిడ్నీలను దెబ్బతీయగలవు. సంచిలో అవి ఉంటే దాచకండి.

కొలెస్ట్రాల్ గోలీ సంగతి కొంచెం ఓపిగ్గా వినండి. అటోర్వాస్టాటిన్ వేసుకుంటే కండరాల నొప్పులని, ఒళ్లంతా పీకుతోందని వారానికి పదిమంది చెబుతారు. లండన్‌లో ఇలాగే నొప్పులని మందు మానేసిన 60 మందితో ఒక పరీక్ష చేశారు, 2020లో ఫలితం వచ్చింది. ఏడాదిలో కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు చూడ్డానికి అలాగే ఉండే ఉత్తి గోలీ, కొన్ని నెలలు ఏమీ లేకుండా. ఏది ఏ నెలో గోలీ చూసి చెప్పలేరు. మందుతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తి గోలీతోనూ వచ్చింది. వాళ్లు అబద్ధమాడారని కాదు. నొప్పి నిజంగానే ఉంది. వస్తుందని భయపడి ఎదురుచూస్తే ఒళ్లు దాన్ని నిజం చేస్తుంది. సంగతి తెలిశాక వాళ్లలో సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు. వాట్సాప్‌లో వచ్చింది చదివి టెన్షన్ పడి గుండెపోటు తర్వాత ఈ గోలీ మానేసినవాళ్లను చూసినప్పుడు నాకు చాలా బాధేస్తుంది. నిజంగా పడకపోతే డోసు తగ్గించొచ్చు, రోసువాస్టాటిన్‌కు మారొచ్చు. కండరాలు తీవ్రంగా నొప్పి పెట్టి, మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం వెంటనే రావాలి.

ఒక్క రోజు కూడా మీ అంతట మీరు ఆపకూడనివి మూడు చెబుతాను. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటివి: నీరసం, చేతులు చల్లబడటం ఉంటాయి, కానీ హఠాత్తుగా ఆపితే గుండె ఎదురుతిరిగి ఛాతీలో నొప్పి, గుండెపోటు కూడా రావొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు ఇవి వేసుకుంటే షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించండి. క్లోనిడిన్ అనే బీపీ మందు ఆపితే బీపీ ఉన్నదానికంటే పైకి ఎగురుతుంది. ఇక స్టెంట్ వేయించుకున్నవాళ్ల ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అంటే రక్తం గడ్డకట్టనివ్వని గోలీలు. పన్ను తీయాలి, గోలీ ఆపు అని ఎవరన్నా సరే, ముందు గుండె డాక్టరును అడగండి. మలం తారులా నల్లగా వస్తే కడుపులో రక్తం కారుతోందేమో, ఆసుపత్రికి పరుగెత్తండి.

మగవాళ్లకు ఒక మాట. సంసారంలో ఇబ్బందిగా ఉందని ఆడ డాక్టరుకు చెప్పలేరు, నాకు తెలుసు. కాగితం మీద రాసివ్వండి, లేదా మా మగ డాక్టరుకు చెప్పండి. కొన్ని బీపీ గోలీలతో అది వస్తుంది, మార్చొచ్చు. బీపీ, షుగర్ జబ్బుల వల్ల కూడా వస్తుంది. కానీ ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వాడేవాళ్లు ఈ ఇబ్బందికని షాపులో సిల్డెనాఫిల్ అడిగి కొనుక్కోవద్దు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం తీసేంతగా పడిపోతుంది.

ఓపీలో మీకు దొరికేది రెండు నిమిషాలు. అందుకని పాత నోటుబుక్కులో ఒక పేజీ పెట్టండి. గోలీ పేరు, మొదలుపెట్టిన తేదీ, బాధ ఏమిటి, ఏ పూట వస్తోంది, ఇంట్లో చూసుకున్న బీపీ. ఆ పేజీ డాక్టరు ముందు పెట్టి, ‘దీనికి బదులు ఇంకోటి ఉందా?’ అనండి. దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఇంకో దారి కూడా ఉంది. మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఒకటి 2010 నుంచి నడుస్తోంది, ఘజియాబాద్ కేంద్రంగా. డాక్టర్లే కాదు, మందు వాడే మనిషి కూడా 1800 180 3024కి ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. ఆ నంబరు బోర్డు మీద రాశాను.

ఇప్పుడు సంచులు తీయండి. కాళ్లు ఉబ్బుతున్నవాళ్లు ముందు రండి, చెప్పులు విప్పి ఆ బెంచీ మీద కూర్చోండి. దగ్గు ఉన్నవాళ్లు వాళ్ల వెనక. మానేసిన గోలీలు ఉంటే అవి కూడా బల్ల మీద పెట్టండి. నేను కోప్పడను.