మాట తగ్గిన ఇంట్లో మతిమరుపు

సభకు నమస్కారం.

ఒంటరిగా బతకడాన్నీ ఒంటరితనాన్నీ మనం ఒకే గాటన కట్టేస్తాం. ఇంట్లో ఒక్కరే ఉన్నా ఇరుగుపొరుగుతో కాలక్షేపం చేసేవాళ్లున్నారు. కొడుకు, కోడలు, మనవలు తిరిగే ఇంట్లోనే తనను పలకరించే దిక్కు లేదని కుమిలిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ కుమిలిపోవడం అడిగితే తప్ప బయటపడదు.

చికాగోలోని రష్ వైద్య కేంద్రం పరిశోధకులు దాన్నే అడిగారు. డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా సన్నగిల్లే జబ్బు, లేని 823 మంది వృద్ధులను ఏటేటా పరీక్షిస్తూ వచ్చి, ఒంటరితనం బాగా ఎక్కువగా ఉన్నవారికి, అది చాలా తక్కువగా ఉన్నవారికన్నా డిమెన్షియాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ వచ్చే అవకాశం రెండింతలకు పైగా ఉందని 2007లో ప్రకటించారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం అందులోని మరో సంగతి: మరణించినవారి మెదళ్లను పరీక్షించినప్పుడు, ఆ జబ్బు ఆనవాళ్లకూ ఒంటరితనానికీ సంబంధం కనపడలేదు. కాబట్టి ఒంటరితనం ఆ ఆనవాళ్లను పుట్టిస్తోందని అనలేం. వాటిని తట్టుకొని పనిచేసే సత్తువను మెదడు కోల్పోతోందేమోనని అనుమానించాలి. మతి తప్పడం మొదలయ్యాకే మనిషి నలుగురికీ దూరమవుతాడు కదా అని మీరు అడగవచ్చు. అదీ కాదనలేం, రెండూ ఒకదాన్నొకటి పెంచుకోవచ్చు.

మాటకూ మెదడుకూ ఉన్న లంకె చూడాలంటే ఆకుకూరల బండి దగ్గర మా మేనత్త బేరం చూడాలి. నిన్నటి ధర గుర్తు తెచ్చుకోవాలి, కట్ట ఎంత సన్నబడిందో కంటితో కొలవాలి, అవతలి మాట వింటూనే తన మాట సిద్ధం చేసుకోవాలి, చిల్లర లెక్క చూసుకోవాలి, మధ్యలో బండి ఆవిడ కూతురి కాన్పు సంగతి అడగడం మరిచిపోకూడదు. పిల్లలు ప్రేమతోనే ఫోన్‌లో యాప్ పెట్టి సరుకులు ఇంటికి తెప్పిస్తే ఆ పది నిమిషాల కసరత్తు కాస్తా పోతుంది.

ఆమెకు చెవుడు మొదలైన రోజుల్లో మేం చాదస్తమనుకున్నాం. పెళ్లిళ్లలో అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వేవారు. తరువాత పెళ్లిళ్లకు రావడమే మానేశారు. లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన, డిమెన్షియా ముప్పు పెంచే, మార్చుకోదగిన 14 కారణాల జాబితాలో వినికిడి లోపం, సామాజిక ఏకాకితనం రెండూ ఉన్నాయి. రెంటినీ విడివిడిగా రాశారు గానీ, మా ఇంట్లో మొదటిది రెండోదాన్ని వెంటబెట్టుకొనే వచ్చింది.

వినికిడి యంత్రం పెట్టించిన రోజున ఆమె మొదట విసుక్కున్నది కుక్కర్ కూత మీద, ఆ రాత్రి మా మామయ్య గురక మీద. ఇప్పుడు మళ్లీ బండి దగ్గరికి వెళుతున్నారు. గోంగూర కట్ట మరీ పీలగా ఉందని రోజూ గొణుగుతున్నారు.