పసిఫిక్ కోస్ట్ లీగ్: పేరుకే మైనర్

హోస్ట్: అమెరికాలో మేజర్ లీగ్‌కి కింది మెట్టైన మైనర్ లీగ్ బేస్‌బాల్ అంటే మనకి వెంటనే రంజీ ట్రోఫీ గుర్తొస్తుంది. అక్కడి పడమటి తీరపు పసిఫిక్ కోస్ట్ లీగ్‌ని అలా చూడొచ్చా?

అతిథి: 1958 తర్వాతైతే కొంతవరకు చూడొచ్చండీ. అంతకుముందు కుదరదు. రంజీ జట్టు తన కుర్రాణ్ణి ఎవరికీ అమ్ముకోదు, వీళ్లకి మేజర్ లీగ్ జట్లకి ఆటగాళ్లని అమ్మడమే పెద్ద ఆదాయం. 1903లో ఆరు ఊళ్లతో మొదలైంది: లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్, శాక్రమెంటో, పోర్ట్‌లాండ్, సియాటిల్. మేజర్ లీగ్ జట్లు అప్పట్లో సెయింట్ లూయిస్ దాటి పడమరకి లేవు. దాంతో పడమటి తీరం జనానికి పెద్ద ఆట అంటే ఇదే.

హోస్ట్: మేజర్ లీగ్ వాళ్లు 154 మ్యాచ్‌లు ఆడితే వీళ్లు 200 దాకా ఎలా ఆడేవాళ్లు?

అతిథి: కాలిఫోర్నియాలో చలి తక్కువ, అందుకని సీజన్ సాగేది. రెండోది రైలు ఖర్చు. ఊళ్ల మధ్య దూరాలెక్కువ, రెండు మూడు రోజులకోసారి ఊరు మారితే గిట్టదు. అందుకే వచ్చిన జట్టు వారమంతా అక్కడే మకాం. సోమవారం ప్రయాణం, మంగళవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి, ఆదివారం రెండు. వారానికి 7, అలా 28 వారాలైతే 196. 1905లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు ఏకంగా 230 ఆడింది.

హోస్ట్: అయితే అప్పటి రికార్డుల్ని ఉన్నదున్నట్టు తీసుకోకూడదన్నమాట.

అతిథి: అక్కడే చాలామంది బోల్తా పడతారు. 1925లో సాల్ట్ లేక్ సిటీకి ఆడిన టోనీ లాజెరీవి 60 హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి). కానీ ఆడింది 197 మ్యాచ్‌లు. 154కి కుదిస్తే 47 వస్తాయి. పైగా ఆ ఊరు సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన, కొట్టిన బంతి ఇంకాస్త దూరం పోతుంది. అలాగని తీసిపారేయక్కర్లేదు, మరుసటేడే మేజర్ లీగ్ జట్టు న్యూయార్క్ యాంకీస్‌లో కుదురుకున్నాడు.

హోస్ట్: అమ్మకాల సంగతి?

అతిథి: జో డిమాజియో బేరం చూడండి. 1933లో సీల్స్ (శాన్ ఫ్రాన్సిస్కో జట్టు) తరఫున వరసగా 61 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడు, అంటే బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరాడు. 1934లో మోకాలు దెబ్బతినడంతో కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, ధర పడిపోయింది. యాంకీస్ 25,000 డాలర్లు, పైన ఐదుగురు ఆటగాళ్లు ఇచ్చి కొన్నారు. కానీ 1935 సీజన్ సీల్స్‌కే ఆడాలన్నది ఒప్పందం. అతను .398 సగటుతో, అంటే పది అవకాశాలకి సుమారు నాలుగు హిట్లు కొట్టాడు, సీల్స్ ఆ ఏడు లీగ్ గెలిచింది. నా లెక్కలో ఈ బేరంలో ఎక్కువ మిగిలింది సీల్స్‌కే, కనీసం ఆ ఏడాదికి.

హోస్ట్: మరి ఇంత బలమైన లీగ్ ఎందుకు పడిపోయింది?

అతిథి: మూడో మేజర్ లీగ్‌గా గుర్తించమని రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అడిగారు, మేజర్ లీగ్ వాళ్లు ఒప్పుకోలేదు. 1952లో ‘ఓపెన్’ అని ప్రత్యేక హోదా ఇచ్చి, వీళ్ల ఆటగాళ్లని మేజర్ లీగ్ జట్లు డ్రాఫ్ట్‌లో (ఏటా జరిగే ఎంపికలో) లాక్కునే హక్కుకి కొన్ని హద్దులు పెట్టారు. అది మధ్యేమార్గం, అంతే. అసలు దెబ్బ తగిలింది ఊళ్ల హక్కుల దగ్గర. ఏ ఊళ్లో ఏ జట్టు ఉంటే ఆ ఊరి హక్కు దానిదే. న్యూయార్క్ మేజర్ లీగ్ జట్లు డాడ్జర్స్, జెయింట్స్ 1958లో లాస్ ఏంజెలెస్‌కి, శాన్ ఫ్రాన్సిస్కోకి వచ్చేశాయి. అందుకోసం డాడ్జర్స్ 1957 మొదట్లోనే తమ ఫోర్ట్ వర్త్ మైనర్ జట్టునిచ్చి లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్‌ని, స్టేడియంతో సహా తీసుకున్నారు. జెయింట్స్ ఆ ఏడాదే తమ మినియాపాలిస్ జట్టుని, సీల్స్ యజమాని అయిన బోస్టన్ మేజర్ లీగ్ జట్టుకి ఇచ్చి సీల్స్‌ని పుచ్చుకున్నారు. 1958కల్లా సీల్స్ ఫీనిక్స్‌కి, ఏంజెల్స్ స్పొకేన్‌కి, లాస్ ఏంజెలెస్‌లోనే ఉన్న ఇంకో జట్టు హాలీవుడ్ స్టార్స్ సాల్ట్ లేక్‌కి తరలిపోయాయి. లీగ్‌కి ప్రాణమైన రెండు ఊళ్లూ ఒక్కసారే పోయాయి.

హోస్ట్: ఇప్పుడు?

అతిథి: మేజర్ లీగ్‌కి సరిగ్గా ఒక మెట్టు కింద, ట్రిపుల్-ఎ స్థాయిలో ఉంది. 2021లో పేరు తీసేసి ‘ట్రిపుల్-ఎ వెస్ట్’ అన్నారు, మరుసటేడు పాత పేరే తిరిగి పెట్టారు. టెక్సస్‌లో ఉన్న మనవాళ్లు చూడాలనుకుంటే ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్, హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్ ఉన్నాయి. పసిఫిక్ తీరానికి వాటికీ ఏ సంబంధమూ లేదనుకోండి! సిరీస్ మామూలుగా మంగళవారం మొదలై ఆదివారం దాకా ఉంటుంది. సోమవారం మాత్రం వెళ్లకండి, సాధారణంగా ఆట ఉండదు.