ఓటు లేనివారి సంతకాలకు సభ భయపడిన రోజులు

నమస్కారం. 1837 ఫిబ్రవరి 6న వాషింగ్టన్‌లో, అమెరికా ప్రతినిధుల సభలో 69 ఏళ్ల సభ్యుడొకరు లేచి స్పీకర్‌ను ఓ చిన్న సందేహం అడిగారు. తాము బానిసలమని చెప్పుకుంటూ 22 మంది పంపిన కాగితం ఒకటి తన దగ్గర ఉందని, బానిసత్వం ఊసున్న విన్నపాలను పక్కన పడేయాలని సభ చేసుకున్న తీర్మానం దానికి వర్తిస్తుందో లేదో చెప్పమని.

అంతే, సభ అట్టుడికిపోయింది. బానిసత్వం సాగుతున్న దక్షిణాది రాష్ట్రాల సభ్యులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఆ కాగితాన్ని తగలబెట్టాలని ఒకరు, ఈ పెద్దమనిషిని సభ నుంచి గెంటేయాలని ఒకరు, నేరం మోపి కోర్టుకు ఈడ్వాలని ఇంకొకరు కేకలు వేశారు. అభిశంసన తీర్మానం కూడా పెట్టారు. వాళ్ల అరుపులన్నీ అయ్యేదాకా ఆగి, ఆయన తాపీగా అసలు సంగతి బయటపెట్టారు. ఆ విన్నపం బానిసత్వాన్ని రద్దు చేయమని కోరడం లేదు. రద్దు చేయవద్దని కోరుతోంది! అది ఎవరో ఆయన్ని ఆటపట్టించడానికి పంపిన బూటకమనే అనుమానమూ ఉంది. కానీ అభిశంసించడానికి లేచినవాళ్ల పరిస్థితి మింగలేక కక్కలేక అన్నట్టు తయారైంది. చివరికి ఆయన మీద మోపిన నేరం ఏమిటో తెలుసా? బానిసలకు కూడా విన్నపం పెట్టుకునే హక్కు ఉందన్న భావనకు ఊతం ఇచ్చారట. అది కూడా నెగ్గలేదు.

ఆయన పేరు జాన్ క్విన్సీ ఆడమ్స్. అంతకు ఎనిమిదేళ్ల ముందు వరకు అమెరికా అధ్యక్షుడు. అధ్యక్ష పదవి నుంచి దిగాక మామూలు సభ్యుడిగా ప్రతినిధుల సభకు వెళ్లిన అధ్యక్షుడు ఆయన ఒక్కరే.

ఆయన్ని ఓడించినది ఎవరో గుర్తు చేసుకుంటే ఈ కథ ఇంకా రుచిగా ఉంటుంది. 1828లో ఆండ్రూ జాక్సన్. సామాన్యుల నాయకుడిగా పేరు పడిన మనిషి. అప్పటికి చాలా రాష్ట్రాల్లో ఓటు వేయాలంటే ఆస్తి ఉండాలన్న నిబంధన పోతోంది. 1824 ఎన్నికల్లో ఓటు హక్కు ఉన్నవారిలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మంది ఓటేస్తే, 1828కి అది దాదాపు 57 శాతానికి పెరిగింది. ఊరేగింపులు, విందులు, పార్టీ పత్రికలు, గెలిచాక కార్యకర్తలకు ఉద్యోగాలు. ఎన్నికల సందడిగా ఈ రోజు మనం చూస్తున్నదాంట్లో చాలా భాగం అక్కడ అప్పుడే స్థిరపడింది. ఆడమ్స్‌కు ఇదంతా గిట్టేది కాదు. బిగుసుకుపోయిన మనిషి, తెల్లవారకముందే లేచి చదువుకునే పండితుడు, జనంతో కలవడం చేతకాదు.

అయితే పాఠ్యపుస్తకాలు ‘సామాన్యుడి యుగం’ అని మురిసిపోయే ఈ కాలంలో తలుపులు తెరిచిన చేతులే వేరేవాళ్ల ముఖాన మూసేశాయి. న్యూజెర్సీలో ఆస్తి ఉన్న అవివాహిత స్త్రీలు, వితంతువులు, నల్లజాతివారు కొన్నాళ్లు ఓటు వేశారు. 1807లో ఆ రాష్ట్రం ఓటును తెల్ల మగవాళ్లకే పరిమితం చేసింది. న్యూయార్క్ 1821 రాజ్యాంగం తెల్లవారికి ఆస్తి నిబంధనను దాదాపుగా ఎత్తేస్తూ, నల్లజాతివారికి మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉండాలని పట్టుబట్టింది. పెన్సిల్వేనియా 1838లో నల్లజాతివారి ఓటునే తీసేసింది. జాక్సన్ సంగతి చెప్పనక్కర్లేదు. వందకు పైగా బానిసలకు యజమాని.

మరి ఓటు లేనివారు ఏం చేయాలి? రాజ్యాంగ మొదటి సవరణలో ఒక మాట ఉంది. తమ బాధలు తీర్చమని ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు ప్రజలది. అది ఓటర్ల హక్కు అని అక్కడ రాయలేదు. ఈ సందును ముందుగా గట్టిగా వాడుకున్నది స్త్రీలు. 1829–30లో చెరోకీలు మొదలైన ఆదివాసులను వారి నేల నుంచి వెళ్లగొట్టే బిల్లును వ్యతిరేకిస్తూ సంతకాలు పంపారు. ఆ బిల్లు ప్రతినిధుల సభలో 102–97తో గట్టెక్కింది. ఐదు ఓట్లు! విన్నపాలు ఓడిపోయాయి కానీ విన్నవించుకోవడం అలవాటైంది.

1833 చివర్లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ బానిసత్వ వ్యతిరేక సంఘం పుట్టింది. దాని కార్యకర్తలు తెలివైన పని చేశారు. రాష్ట్రాల్లోని బానిసత్వం ఆయా రాష్ట్రాల సొంత వ్యవహారమన్నది అప్పట్లో అందరూ ఒప్పుకున్న మాట. కానీ రాజధాని ఉన్న కొలంబియా జిల్లా నేరుగా కాంగ్రెస్ చేతి కింద ఉంది. అక్కడ బానిసత్వాన్ని తీసేయండి అని అడిగితే మా పరిధి కాదని తప్పించుకోవడానికి వీల్లేదు.

ఆ కాగితాలు ఎలా ఉండేవో చూడాలి. పైన కొన్ని వాక్యాలు అచ్చులో. ఒహాయో స్త్రీల పేరుతో తిరిగిన నమూనా ‘మా దేశ పితరులారా, పాలకులారా’ అంటూ మొదలవుతుంది. ఎంత వినయమో! కింద సంతకాలు, చాలా వాటిలో రెండు వరసలుగా. ఒక వరస ఓటు హక్కున్న మగవాళ్లది, రెండోది స్త్రీలది. చాలా చోట్ల రెండో వరసే పొడవు. కాగితం నిండితే ఇంకో కాగితం అతికించేవారు. ఇంటింటికీ తిరిగి, తలుపు తట్టి, మొహం మీద తలుపు వేయించుకుని, పక్క ఇంటికి వెళ్లి సేకరించిన సంతకాలవి. ఉద్యమమంటే వేదిక మీద ఉపన్యాసాలే గుర్తొస్తాయి మనకు. నా దృష్టిలో అసలు రాజకీయ శిక్షణ ఆ గడపల దగ్గర జరిగింది.

కట్టలు కట్టలుగా విన్నపాలు రావడంతో 1836 మే 26న సభ 117–68తో ఒక తీర్మానం చేసింది. బానిసత్వం ఊసున్న ఏ విన్నపం వచ్చినా చదవకుండా, చర్చించకుండా పక్కన పడేయాలి. గ్యాగ్ రూల్, అంటే నోరు నొక్కే నియమం, అని దానికి పేరు పడింది. ఓటింగులో తన పేరు పిలిచినప్పుడు ఆడమ్స్, ఇది రాజ్యాంగాన్ని, ఈ సభ నియమాలను, నన్ను ఎన్నుకున్నవారి హక్కులను నేరుగా ఉల్లంఘించడమేనని అరిచి చెప్పారు. దక్షిణాది ఒక్కటే చేసిన పని కాదిది. ఉత్తరాదిలోని జాక్సన్ పార్టీవారు, అంటే డెమోక్రాట్లు, చాలామంది చేయి కలిపారు. దక్షిణాది ఓట్లు లేకుండా వాళ్ల పార్టీ బతకదు మరి.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. బానిసల గురించి ఏనాడూ పట్టించుకోని ఉత్తరాది రైతు కూడా ఇప్పుడు అడగడం మొదలుపెట్టాడు: నేను సంతకం పెట్టిన కాగితాన్ని చూడకుండా పారేయడానికి మీరెవరు? విన్నపాలు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. ఆ తీర్మానం ఒక్కో సమావేశంతో గడువు తీరేది. మళ్లీ ఆమోదించేలోపు దొరికిన వ్యవధిలో ఆడమ్స్ విన్నపాలు గుప్పించేవారు. అందుకే 1840లో దాన్ని శాశ్వత నియమంగా మార్చి, అసలు స్వీకరించడమే మానేశారు. అది నెగ్గింది 114–108తో. 1836లో ఉన్న తేడా ఎక్కడ, ఇది ఎక్కడ!

ఆడమ్స్ మహాత్ముడని నేను అనను. కొలంబియా జిల్లాలో వెంటనే రద్దు చేయాలన్న కోరికను తొలి రోజుల్లో ఆయనే సమర్థించలేదు. ఉద్యమకారుల దూకుడు ఆయనకు చిరాకు. కానీ పోట్లాట పెరిగేకొద్దీ ఆయనా మారారు. స్త్రీలు ఇల్లు వదిలి రాజకీయాల్లో తలదూర్చడం సిగ్గుచేటని మేరీల్యాండ్ సభ్యుడొకరు అంటే, 1838 వేసవిలో కొన్ని వారాల పాటు ఉదయం పూట దొరికిన సమయంలో జవాబిచ్చారు. బైబిల్లోని డెబోరా, ఎస్తేరు అనే స్త్రీల దగ్గర నుంచి ఎత్తుకున్నారు. 1842లో యూనియన్‌ను, అంటే అమెరికా రాష్ట్రాల సమాఖ్యను, శాంతియుతంగా రద్దు చేయమని మసాచుసెట్స్‌లోని హేవర్‌హిల్ పట్టణవాసులు 46 మంది పంపిన విన్నపాన్ని సభ ముందు పెట్టారు. దానితో ఆయనకు ఏకీభావం లేదు. అయినా మళ్లీ అభిశంసన. 74 ఏళ్ల వయసులో రెండు వారాల పాటు తనను తాను సమర్థించుకున్నారు, స్వాతంత్ర్య ప్రకటన మొదటి పేరాను గుమాస్తాతో చదివించారు. అభిశంసన 106–93తో అటకెక్కింది.

1844 డిసెంబర్ 3న గ్యాగ్ రూల్ 108–80తో పోయింది. ఆ రాత్రి ఆడమ్స్ డైరీలో దేవుడికి కృతజ్ఞతలు రాసుకున్నారు. అయితే ఆ గెలుపులో ధర్మం పాలు కొంతే. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలకు పార్టీ అభ్యర్థిత్వాన్ని తమ ఉత్తరాది నాయకుడు, మాజీ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌కు దక్కకుండా చేసిన దక్షిణాది మీద ఉత్తరాది డెమోక్రాట్లకు కడుపుమంట. ఆ అభ్యర్థిత్వం దక్కించుకుని అధ్యక్షుడిగా గెలిచింది ఎవరంటే, 1837లో ఆడమ్స్ సందేహం విని తల పట్టుకున్న స్పీకర్ జేమ్స్ పోక్.

ఇక విన్నపాలు చదవడానికి అడ్డు లేదు. అవి కమిటీలకు వెళ్లాయి, అక్కడే ఉండిపోయాయి. ఆడమ్స్ 1848 ఫిబ్రవరిలో సభలో తన బల్ల దగ్గరే కుప్పకూలి, రెండు రోజుల తర్వాత స్పీకర్ గదిలో కన్నుమూశారు. కొలంబియా జిల్లాలో బానిసత్వం రద్దైనది 1862 ఏప్రిల్ 16న, అంతర్యుద్ధం నడుమ. నష్టపరిహారం ఇచ్చారు, ఒక్కో మనిషికి 300 డాలర్ల వరకు. ఆ డబ్బు యజమానులకు.