తలలు లెక్కపెట్టండి చాలు, మొహాలెందుకు

అందరికీ నమస్కారమండీ. మైకు దొరికింది కదా అని గంట మాట్లాడను, ఈ ఉక్కపోతలో మీరు కూర్చోవడమే గొప్ప.

2027లో మన రాజమండ్రికి మళ్ళీ పుష్కరాలు, ఆ ఘాట్లలో పెట్టే కెమెరాల గురించే నా మాట. 2015 జూలై 14 పొద్దున్న పుష్కర ఘాట్ దగ్గర ఏం జరిగిందో ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు, మొదటి రోజే తొక్కిసలాటలో పాతిక మందికి పైనే పోయారు. అందుకే కెమెరాలొద్దు అని నేనననండీ. గేటు దగ్గర ఎంత జనం పోగయ్యారు, బయటికెళ్ళే దారి ఖాళీగా ఉందా అన్నది కంట్రోల్ రూంలో కూర్చున్నోడికి కనపడాలి, కనపడితే వెనకాల వచ్చేవాళ్ళని కోటిలింగాల ఘాట్‌కో గౌతమీ ఘాట్‌కో మళ్ళించొచ్చు.

దీనికి తలలు లెక్కపెడితే సరిపోద్ది. మొహాలు గుర్తుపట్టడం వేరే యవ్వారం, కళ్ళూ ముక్కూ కొలతలు తీసుకుని, దాచుకున్న ఫొటోల్తో పోల్చేది. తప్పిపోయిన పిల్లోడిని వెతకడానికి అది పనికొస్తదా అంటే వస్తది, ఆ పిల్లోడి ఫొటో పెట్టి వెతకండి, వాడు దొరికాక మిగతా లక్షల మంది మొహాలు చెరిపేయండి, దాచుకుని ఏం చేస్తారు?

ఇంకోటండీ, మెట్ల మీద ఆడాళ్ళు తడి చీరల్తో ఉంటారు. కెమెరా మెట్లకొచ్చే దారి వైపు తిప్పండి. మునిగిపోతారేమో చూడాలి కదా అంటారా, దానికి పడవల్లో గజ ఈతగాళ్ళుంటారు.

నాకెందుకింత పట్టింపు అంటే, తప్పు నా వల్లే జరిగింది కాబట్టి. మా షాపు ముందు బండి పోయిందని కెమెరా పెట్టించా. దొంగ దొరికాడు, సంతోషం. కానీ పాస్‌వర్డ్ డబ్బాతో పాటొచ్చిందే, మార్చలా. బిగించిన కుర్రాడు దాన్ని ఫోన్లో పెట్టుకుని, మా వీధి పిల్ల ఎవరితోనో నిలబడి మాట్లాడే ముక్క తీసి గ్రూపులో పడేశాడు. ఆ పిల్లని నాలుగు నెలలు కాలేజీ మాన్పించారు. ఇప్పటికీ వాళ్ళమ్మ పంచదార కావాలన్నా మా కొట్టు దాటుకుని ఎదురు కొట్టుకెళ్తది.

జనం పోగయ్యే చోట కెమెరాలు పెట్టాలి, వీడియో 30 రోజులు దాచాలి అని 2013లోనే మన దగ్గర చట్టమొచ్చింది. దాచడం అందరికీ తెలుసు, ఎవరు చూస్తున్నారన్నదే ఎవరూ అడగరు. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టులో 9 మంది జడ్జీలూ ఒకే మాటగా చెప్పారు. దాన్ని తగ్గించాలంటే చట్టముండాలి, సరైన పనుండాలి, ఆ పనికి ఎంత కావాలో అంతే తగ్గించాలి, పులుసులో ఉప్పులాగ. 2023లో మన వివరాల్ని కాపాడే డేటా చట్టమొచ్చింది గానీ, తన సంస్థల్ని అందులోంచి తప్పించే వీలు సర్కారుకే ఉంది. దొంగ చేతికి తాళాలనను, మాట పెద్దదైపోద్ది.

పోలీస్ స్టేషన్లలోనూ కెమెరాలుండాలి, వీడియో 18 నెలలు దాచాలి అని 2020లో అదే కోర్టు చెప్పింది. అది నాకు బాగా నచ్చింది.

సరే, ఆ బల్ల మీద ఒక అర్జీ ఉంది. ఘాట్లలో ఏ కెమెరా ఎటు చూస్తది, వీడియో ఎన్నాళ్ళుంచుతారు, చూసేవాళ్ళ పేర్లు రాస్తారా, ఈ మూడే అడిగాం. చదివి, నచ్చితేనే సంతకం పెట్టండి. టీ వచ్చినట్టుంది, ముందు వెనకోళ్ళకివ్వండయ్యా.