డిస్ట్రోఫిన్ కణంలో ఎక్కడ ఉంటుంది, అక్కడే ఎందుకు ఉండాలి?

మిత్రులందరికీ నమస్కారం. హన్మకొండలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న ఒక విద్యార్థిని మన చానెల్‌కు మంచి ప్రశ్న పంపారు. కండరాల్లో ఉండే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ లేకుండా పుట్టిన బాలుడు పన్నెండేళ్లు వచ్చేసరికే చాలావరకు నడక కోల్పోతుండగా, అదే ప్రొటీన్ లేని చిట్టెలుక చాలాకాలం చురుగ్గా తిరగగలగడానికి కారణమేమిటని ఆమె అడిగారు.

సమాధానం ప్రొటీన్ ఉండే చోటుతో మొదలవుతుంది. మన డిగ్రీ విద్యార్థులు ప్రొటీన్ చేసే పనిని ఒక ప్రశ్నగా, అది ఉండే స్థానాన్ని రెండు మార్కుల మరో ప్రశ్నగా విడదీసి కంఠస్థం చేస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

చిట్టెలుకలో డీఎండీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాని నుంచి కండరంలో తయారయ్యే డిస్ట్రోఫిన్ సుమారు 427 కిలోడాల్టన్ల భారీ ప్రొటీన్. అది కణాన్ని చుట్టి ఉండే త్వచంలో ఇమిడి ఉండదు, త్వచానికి లోపలి వైపున ఆనుకొని ఉంటుంది. దాని ఒక కొస కణం లోపలి ఆక్టిన్ అనే ప్రొటీన్ తంతువులను పట్టుకుంటుంది. రెండో కొసకు దగ్గరి భాగం త్వచంలోని బీటా డిస్ట్రోగ్లైకాన్ అనే ప్రొటీన్‌ను పట్టుకోగా, అక్కడి నుంచి ఆల్ఫా డిస్ట్రోగ్లైకాన్ ద్వారా ఆ బంధం కణం వెలుపలి లామినిన్ అనే ప్రొటీన్ వరకు సాగుతుంది. కండరం ముడుచుకున్నప్పుడు త్వచం మీద పడే ఒత్తిడిని ఈ వరుస మొత్తం పంచుకుంటుంది. అది తెగితే త్వచం దెబ్బతిని కాల్షియం లోపలికి చొరబడుతుంది, క్రియేటిన్ కైనేజ్ అనే కండర ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది.

రక్తనాళాలను వెడల్పు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఒక ఎంజైమ్‌ను త్వచం దగ్గర నిలిపి ఉంచేది కూడా డిస్ట్రోఫినే. అది లేనప్పుడు ఆ ఎంజైమ్ పరిమాణం తగ్గడమే గాక, మిగిలినది కణద్రవ్యంలోకి జారిపోతుంది. పనిచేస్తున్న కండరానికి రక్తప్రవాహం తగినట్టు పెరగదు.

ఇక చిట్టెలుక సంగతి. 1984లో వెల్లడైన ఎండీఎక్స్ అనే చిట్టెలుక రకంలో, ఈ జన్యువులోని 23వ ఎక్సాన్‌లో (ప్రొటీన్ సమాచారం ఉండే ఒక భాగంలో) ఒక్క క్షారం మారడం వల్ల డిస్ట్రోఫిన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. అయితే దానికి దగ్గరి బంధువైన యుట్రోఫిన్, పెరిగిన ఆరోగ్యకర కండరంలో ప్రధానంగా నాడీ కండర సంధి వద్దనే ఉండేది, ఈ ఎలుకల్లో త్వచం పొడవునా పరుచుకొని లోటును కొంత పూడుస్తుంది. 1997లో ఈ రెండు ప్రొటీన్లూ లేని ఎలుకలను పరిశీలించినప్పుడు, అవి తీవ్రమైన కండర క్షీణతతో చిన్న వయసులోనే మరణించాయి.

అయినా పరీక్షలో యుట్రోఫిన్ ఒక్కటే కారణమని రాయకండి. చిట్టెలుక కండరానికి తిరిగి పెరిగే శక్తి కూడా ఎక్కువే. పైగా యుట్రోఫిన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను త్వచానికి కట్టి ఉంచజాలదు. ఎండీఎక్స్ ఎలుక కాళ్ల కండరాలు కొంత కోలుకున్నా, శ్వాసకు ఆధారమైన విభాజక పటలం మాత్రం మనుషుల్లో మాదిరిగానే క్రమంగా క్షీణిస్తుంది.