‘ఐదు వందల అడుగులే కదా’: భువనగిరి మీద మనిషిని పడగొట్టేది ఈ మాటే!

మే నెలలో పట్టపగలు భువనగిరి కోట ఎక్కవద్దని పోయిన వీడియోలో చెప్పినందుకు నన్ను పిరికివాడన్నారు. "ఐదు వందల అడుగులే కదా, ఎంతసేపు?" అన్నారు. ఆ చివరి ‘కదా’ ఉంది చూడండి, నా కోపమంతా దాని మీదే!

మిత్రులారా, అది మట్టి గుట్ట కాదు, ఏకశిల. మెట్లు దాటి పైకి వెళ్లేకొద్దీ ఒట్టి బండ. నిలబడదామంటే చెట్టు నీడ దొరకదు. నెత్తి మీద ఎండకు టోపీ పెట్టుకుంటారు, సరే. కింద నుంచి కొట్టే వేడికి ఏమి పెట్టుకుంటారు? మధ్యాహ్నం ఆ బండ మీద అరచెయ్యి ఆనించి చూడండి, మరుక్షణం వెనక్కి తీసుకుంటారు. "సాయంత్రం చల్లబడ్డాక వెళ్తాం" అనేవాళ్లకూ అదే చెబుతున్నాను. పొద్దంతా తాగిన వేడిని రాయి పొద్దు వాలాక కక్కుతుంది. గాలి చల్లబడినంత త్వరగా బండ చల్లబడదు!

ఇంకో మాట. కొండ ప్రాణం తీసేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఇది నా సిద్ధాంతం, ఎవరు కాదన్నా వదలను. ఎక్కేటప్పుడు ఉత్సాహం మోస్తుంది. పైన ఫొటోలు, కబుర్లు, సీసాలో నీళ్లు ఖాళీ. అప్పటికి బండ కాలిపోతూ ఉంటుంది, మోకాళ్లు వణుకుతాయి. పొడి ఎండలో చెమట పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు ఎంత పోయిందో తెలియదు. కిందటేడు నాకు సగం దారిలో కళ్లు తిరిగాయి. కమ్మీ పట్టుకుందామంటే అదీ కాలింది. వాలుబండ మీద కూర్చుని, పాకుతూ దిగాను.

"మాలావత్ పూర్ణ ఇక్కడే పర్వతారోహణ నేర్చుకున్నారు కదా" అని వాదిస్తారు. అవును, నేర్చుకున్నారు. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆమె తాళ్లతో, గురువుల పర్యవేక్షణలో, క్రమశిక్షణతో నేర్చుకున్నారు. ఆమె పేరు చెప్పి హవాయి చెప్పులతో, అర లీటరు సీసాతో బయలుదేరడం ఆ శ్రమను అవమానించడమే.

అసలు ఆ కోట కట్టినవాళ్లను చూడండి. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఊరికి భువనగిరి అని వచ్చిందంటారు. అంత ఎత్తున, ఆ రాతి మీద వాళ్లు నీటి గుంటలు ఏర్పాటు చేసుకున్నారు. ఆ కొండ మీద దాహం ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. మనం మాత్రం చిన్న సీసాతో వెళ్తాం!

అందుకే కోట నిర్వాహకులను గట్టిగా అడుగుతున్నాను: ఏప్రిల్, మే నెలల్లో సూర్యోదయానికే గేటు తెరవండి, తొమ్మిదిన్నర దాటాక ఇంకెవరినీ పైకి పంపకండి. ఎక్కేవాళ్లు మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి, అందులో సగం దిగడానికి దాచుకోండి. మబ్బు పట్టి ఉరిమితే శిఖరం దాకా వచ్చామని చూడకండి, వెంటనే వెనక్కి తిరగండి.

ఇప్పటికీ నమ్మనివాళ్ల కోసం ఈ ఆదివారం థర్మామీటరు పట్టుకుని వెళ్తున్నాను. తెల్లవారాక ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి మెట్ల మొదట్లోనే ఇంకోసారి బండ మీద పెడతాను. రెండు అంకెలూ మీ ముందు ఉంచుతాను.